నానో ల్యాబ్ వ్యర్థాల నుంచి వెండి, బంగారం వెనక్కి రాబట్టడం ఎలా?

సిల్వర్ నానోవైర్లో, గోల్డ్ నానోపార్టికల్సో (కంటికి ఆననంత సన్నటి వెండి తీగలు, బంగారు రేణువులు) చేసేవాళ్లు తిప్పి తిప్పి ఒకటే అడుగుతున్నారు: "సెంట్రిఫ్యూజ్ చేశాక (యంత్రంలో వేగంగా తిప్పి రేణువుల్ని అడుక్కి దించాక) పైన మిగిలే ఆ రంగునీళ్లను ఏం చేయాలి? వడకడితే కాగితంలోంచి దిగిపోతున్నాయి. రోజుల తరబడి ఉంచినా తేరుకోవు. పారబోయడానికి మనసు రాదు." విడివిడిగా జవాబులు రాసి విసిగిపోయి మొత్తం ఒకచోట పెడుతున్నాను.

ముందు ఒక్క మాట. వెండిని కరిగించడం, విడగొట్టడం పాత విద్యే, అందులో కష్టమేమీ లేదు. చిక్కంతా రెండు చోట్ల. మొదటిది, రకరకాల వ్యర్థాల్ని ఒకే డబ్బాలో పోసేయడం. రెండోది, లోహం ఇంకా నానోగా ఉండగానే దాన్ని పట్టుకోబోవడం. నానోగా ఉన్నంతసేపు అది ఏ కాగితానికీ చిక్కదు. అందుకే దాన్ని ముందు ముద్ద చేయాలి, ఆ తర్వాతే పట్టుకోవాలి. కింద రాసిన దశలన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి.

ఇది ఎవరికి?

ఫ్యూమ్ హుడ్ (విషవాయువుల్ని బయటికి లాగేసే, ముందు అద్దం ఉన్న గూడు) ఉన్న ల్యాబ్‌లో, గాఢ ఆమ్లాలతో పనిచేసిన అనుభవం ఉన్నవాళ్లకు. ఇంట్లో, వంటగదిలో, మేడమీద చేసే పని కాదిది. మొదటిసారి చేస్తుంటే పక్కన తెలిసినవాళ్లు ఉండాలి.

కావలసినవి

- ఫ్యూమ్ హుడ్, కళ్లద్దాలు, నైట్రైల్ గ్లవ్స్, ఏప్రన్
- బోరోసిలికేట్ బీకర్లు, గాజుకడ్డీలు, మ్యాగ్నెటిక్ స్టిర్రర్ ఉన్న హాట్ ప్లేట్
- సన్నరంధ్రాల వడపోత కాగితం (వాట్‌మన్ 42 లాంటిది), గరాటు
- పీహెచ్ కాగితం, 0.01 గ్రాము వరకు తూచే త్రాసు
- స్వేదనజలం, కాస్త ఎక్కువగానే. కుళాయి నీళ్లు పనికిరావు, ఎందుకో కింద చెబుతాను
- అసిటోన్, సోడియం క్లోరైడ్, సోడియం హైడ్రాక్సైడ్, గ్లూకోజ్
- నైట్రిక్ ఆమ్లం, హైడ్రోక్లోరిక్ ఆమ్లం
- బంగారం కోసమైతే సోడియం మెటాబైసల్ఫైట్, సల్ఫామిక్ ఆమ్లం, స్టానస్ క్లోరైడ్
- మఫుల్ ఫర్నేస్ (ఎక్కువ వేడినిచ్చే మూసి ఉండే కొలిమి) ఉంటే మేలు
- ఒక నోటు పుస్తకం. నవ్వకండి, జాబితాలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే

పుస్తకం దేనికంటే, వ్యర్థంలో ఎంత లోహం ఉందో ముందే తెలియకపోతే చివర ఎంత వచ్చినా అది మంచి ఫలితమో కాదో చెప్పలేం. 100 గ్రాముల సిల్వర్ నైట్రేట్‌లో 63.5 గ్రాముల వెండి ఉంటుంది. బంగారానికి మామూలుగా వాడే క్లోరోఆరిక్ ఆమ్లం ట్రైహైడ్రేట్‌లో సరిగ్గా సగం బరువు బంగారం. కొన్న సీసాలోంచి ఎంత తీశారు, తయారైన సరుకులో ఎంత పోయింది అన్నది రాసుకుంటే మిగిలినదే మీ డబ్బాలో ఉండాల్సిన లోహం.

ఈ వ్యాసమంతటికీ ఒక లెక్క పట్టుకుందాం. ఒక్కో బ్యాచ్‌కి 1.7 గ్రాముల సిల్వర్ నైట్రేట్ చొప్పున 20 బ్యాచ్‌ల నానోవైర్లు చేశారనుకోండి. మొత్తం 34 గ్రాములు, అందులో వెండి 21.6 గ్రాములు. సరుకుగా 13 గ్రాములు బయటికి వెళ్లింది. డబ్బాల్లో ఉండాల్సింది 8.6 గ్రాములు.

దశ 1: డబ్బాలు వేరు చేయండి

ఇది సాయంత్రం చేసే పని కాదు. సింథసిస్ మొదలుపెట్టే రోజే డబ్బాలు సిద్ధంగా ఉండాలి.

- డబ్బా అ: ఇథిలీన్ గ్లైకాల్, పీవీపీ (రేణువులకు తొడుగులా పట్టే పాలిమర్), అసిటోన్, ఇథనాల్ కడుగులు. వెండి ఇక్కడ ఎక్కువగా రేణువుల రూపంలో, కొంత అయాన్ల రూపంలో ఉంటుంది.
- డబ్బా ఆ: నీళ్లలో సిల్వర్ నైట్రేట్ మాత్రమే ఉన్నవి: మిగిలిన ద్రావణం, బీకర్ కడిగిన నీళ్లు.
- డబ్బా ఇ: గాజుసామాను కడిగిన నైట్రిక్ ఆమ్లం.
- డబ్బా ఈ: బంగారం ఉన్న నీళ్లు. రేణువుల తొడుగుగా సిట్రేట్ వాడినది ఒకటి, సీటాబ్ (సబ్బులాంటి రసాయనం) వాడినది ఒకటి, వేర్వేరుగా.
- డబ్బా ఉ: ద్రవరాజం, అంటే ఆక్వా రీజియా.

'అ' డబ్బాలోది 'ఇ'లోనో, 'ఉ'లోనో ఎప్పుడూ పోయకండి. నైట్రిక్ ఆమ్లానికి అసిటోన్, ఇథనాల్, గ్లైకాల్ తగిలితే వెంటనే ఏమీ కానట్టే ఉంటుంది. కాసేపటికి వేడెక్కుతుంది, ఇంకాసేపటికి అదుపు తప్పుతుంది. పైగా వెండి, నైట్రిక్ ఆమ్లం, ఇథనాల్ ఒకచోట కలిస్తే పేలే లవణం పుట్టే ప్రమాదం కూడా ఉంది.

ద్రవరాజం ఉన్న సీసాకు మూత బిగించకూడదు. అది ఊరుకోదు, వాయువులు వదులుతూనే ఉంటుంది. పనిలోకి వచ్చిన కొత్తలో రాత్రి ఇంటికెళ్లే తొందరలో నేనే ఒక సీసా బిగించి వెళ్లాను. పొద్దున మూత హుడ్ అవతలి గోడ దగ్గర దొరికింది, సీసా భుజం పగిలి ఉంది. అద్దం దించి ఉండటం వల్ల ఆమ్లం హుడ్ దాటి రాలేదు. అప్పట్నుంచి గాలిపోయే మూతలే వాడుతున్నాను, అవి లేనప్పుడు ద్రవరాజం అసలు దాచను.

ఇక అమ్మోనియా. టోలెన్స్ కారకం (అమ్మోనియా కలిపిన సిల్వర్ నైట్రేట్ ద్రావణం) వాడి వెండిపూత వేసేవాళ్లు దాని మిగులును ఏ డబ్బాలోనూ దాచకూడదు. నిలవ ఉంటే అందులో నల్లగా పేరుకునేది తాకితేనే పేలే పదార్థం. పని అయిన గంటలోపే సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపి, పీహెచ్ కాగితం ఎర్రబారేదాకా తేవాలి. వెండి తెల్లని క్లోరైడ్‌గా పడిపోతుంది, దాన్ని దశ 4లో కలుపుకోవచ్చు. పాత సీసాలో నల్లపొర ఎండి కనిపిస్తే గీకకండి, కదపకండి, భద్రత చూసేవాళ్లను పిలవండి. బంగారు ద్రావణానికీ అమ్మోనియా తగలనివ్వకూడదు, అక్కడా ఇదే ముప్పు.

దశ 2: రేణువుల్ని ముద్ద చేయండి

ఎక్కువమంది ఓడిపోయేది ఇక్కడే. 'అ' డబ్బాలోని ద్రవం లేత పసుపుగానో, బూడిదరంగుగానో ఉంటుంది. నానోవైర్లు ఉంటే కదిపినప్పుడు పట్టుచీర మడత మీద వెలుతురు పడ్డట్టు తళుక్కుమంటుంది. రేణువుల చుట్టూ పీవీపీ తొడుగు ఉన్నందువల్ల అవి ఒకదానికొకటి అంటుకోవు.

ఆ తొడుగు అసిటోన్‌లో కరగదు. అందుకే:

1. ద్రవాన్ని కొలిచి, దానికి 4-5 రెట్లు అసిటోన్ ఉన్న పెద్ద బీకర్‌లోకి, కలుపుతూ, సన్నధారగా పోయండి. అసిటోన్‌ని ద్రవంలోకి కాదు, ద్రవాన్ని అసిటోన్‌లోకి.
2. మూతపెట్టి రాత్రంతా కదపకుండా ఉంచండి. దగ్గర్లో మంట, నిప్పురవ్వ, వేడి ప్లేటు ఉండకూడదు.
3. పొద్దుటికి అడుగున బూడిదరంగు మడ్డి దిగుతుంది. పైన తేటను నెమ్మదిగా వంపండి.

తేట నిజంగా తేటేనా? కంటికి తేటగా కనిపించినంత మాత్రాన నమ్మకండి. గాజు సీసాలో పోసి చీకట్లో పక్కనుంచి లేజర్ పాయింటర్ వేయండి (కిరణం కళ్లకు సూటిగా తగలకుండా). ద్రవంలో సన్నటి వెలుగుచార కనిపిస్తే రేణువులు ఇంకా ఉన్నట్టే. స్వేదనజలంతో నింపిన ఇంకో సీసా పక్కన పెట్టి పోల్చుకుంటే సందేహం తీరుతుంది. చార కనిపిస్తే ఇంకో రెట్టు అసిటోన్ పోయండి, లేదా సెంట్రిఫ్యూజ్ చేయండి.

రేణువులు దిగినా అయాన్లు మిగిలి ఉండొచ్చు. తేటలోంచి 5 మిల్లీలీటర్లు తీసి, అంతే నీళ్లు కలిపి, ఒక చుక్క సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేయండి. పాలలా తెల్లబడితే వెండి ఉంది. అప్పుడు తేట మొత్తానికీ కొద్దికొద్దిగా ఆ ఆమ్లమే చేర్చి క్లోరైడ్‌గా దించుకోండి. పీవీపీ ఉన్నచోట ఈ తెల్లదనం ఒక పట్టాన దిగదు, ఒకటి రెండు రోజులు పడుతుంది. తొందరపడి వేడి చేయకండి, అందులో ఉన్నది అసిటోన్.

మడ్డిని ఇథనాల్‌తో ఒకసారి, స్వేదనజలంతో మూడుసార్లు కడగండి. కడిగిన ప్రతిసారీ లేజర్ పరీక్ష చేయండి. చివర్లో అసిటోన్ వాసన అసలు ఉండకూడదు.

దశ 3: మడ్డిని కరిగించడం

మడ్డిలో ఇంకా పీవీపీ అంటుకునే ఉంటుంది. మఫుల్ ఫర్నేస్ ఉంటే, ఆరబెట్టిన మడ్డిని పింగాణీ మూసలో 550 డిగ్రీల సెల్సియస్ దగ్గర రెండు మూడు గంటలు ఉంచండి, పొగ బయటికి పోయే ఏర్పాటుతో. పీవీపీ కాలిపోతుంది, వెండి కరగదు (దాని ద్రవీభవన స్థానం 962 డిగ్రీలు). ఆమ్లంలో వేసేముందు సేంద్రియ పదార్థాన్ని వదిలించుకోవడానికి ఇంతకన్నా మంచి దారి నాకు తెలియదు.

ఫర్నేస్‌లోకి వెళ్లకూడనివి రెండు. సిల్వర్ క్లోరైడ్ కలిసిన మడ్డి: అది 455 డిగ్రీలకే కరిగి మూసకు అంటుకుంటుంది. సరిగా కడగని, నైట్రేట్ మిగిలిన మడ్డి: నైట్రేట్, సేంద్రియ పదార్థం కలిసి వేడెక్కితే భగ్గుమంటాయి.

ఫర్నేస్ లేనివాళ్లు కడగడాన్ని ఇంకో నాలుగు సార్లు పెంచి, కింద చెప్పిన ఆమ్లాన్ని మరీ నెమ్మదిగా వాడాలి.

కరిగించే పద్ధతి: గాఢ నైట్రిక్ ఆమ్లానికి సమానంగా నీళ్లు (ఆమ్లాన్ని నీళ్లలోకి పోస్తూ). ఒక గ్రాము వెండికి గాఢ ఆమ్లం 1.2 నుంచి 1.5 మిల్లీలీటర్లు చాలు. మన 8.6 గ్రాములకు సుమారు 12 మిల్లీలీటర్ల ఆమ్లం, 12 మిల్లీలీటర్ల నీళ్లు. వెండిని పెద్ద బీకర్‌లో కొంచెం నీళ్లతో తడిపి, ఆమ్లాన్ని చుక్కలుగా వేయండి. నాణెంలాంటి వెండి నెమ్మదిగా కరుగుతుంది. సన్నపొడి మాత్రం ఒక్కసారిగా పొంగుతుంది, ఎర్రగోధుమ పొగ లేస్తుంది. ఆ పొగ పీల్చకూడదు. పీల్చిన వెంటనే ఏమీ అనిపించకపోయినా, గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. ఎవరికైనా తగిలితే బాగానే ఉన్నానని చెప్పినా సరే, వైద్యుడి దగ్గరికి పంపండి.

పొగ ఆగాక 60-70 డిగ్రీల దగ్గర కాసేపు ఉంచి, చల్లార్చి, 250 మిల్లీలీటర్లకు స్వేదనజలం కలిపి వడకట్టండి. ఇప్పుడు వెండి అంతా అయాన్ల రూపంలో ఉంది కాబట్టి కాగితంలోంచి దిగాల్సిందే. ద్రవం నీలిపచ్చగా ఉంటే రాగి ఉంది, భయం లేదు, తర్వాతి దశలో విడిపోతుంది. 'ఆ', 'ఇ' డబ్బాల్లోవి కూడా వడకట్టి ఇక్కడే కలపండి. ఆ రెండింటిలో సేంద్రియ ద్రవాలేవీ పడలేదన్న నమ్మకం ఉంటేనే సుమా.

దశ 4: క్లోరైడ్‌గా దించడం

ఒక గ్రాము వెండికి 0.54 గ్రాముల సోడియం క్లోరైడ్ లెక్క. 15 శాతం అదనంగా వేసుకుంటే మన ఉదాహరణకు 5.4 గ్రాములు. దాన్ని 50 మిల్లీలీటర్ల స్వేదనజలంలో కరిగించి, వెండి ద్రావణాన్ని బాగా కలుపుతూ నెమ్మదిగా పోయండి.

మొదట అంతా పాలలా అవుతుంది. ఆగండి. 60 డిగ్రీల దాకా వేడిచేసి కలుపుతూ ఉంటే ఐదు పది నిమిషాల్లో పాలు విరిగినట్టు తెల్లటి తరకలు విడిపోయి అడుక్కి దిగుతాయి, పైన నీళ్లు తేటపడతాయి. ఆ విరుగుడు కనిపించకముందే వడకట్టడానికి కూర్చుంటే సగం కాగితంలోంచి జారిపోతుంది, మిగతా సగం కాగితాన్ని మూసేస్తుంది.

పరీక్ష: తేటలో ఒక చుక్క ఉప్పునీళ్లు వేయండి. తెల్లబడకపోతే పని అయింది.

ఇక్కడ జరిగే పొరపాట్లు:

*ఉప్పు గుప్పిళ్లతో వేయడం.* "ఎక్కువ వేస్తే ఎక్కువ దిగుతుంది" అన్నది ఒక హద్దు వరకే నిజం. క్లోరైడ్ మరీ ఎక్కువైతే సిల్వర్ క్లోరైడ్ తిరిగి సంక్లిష్ట అయాన్‌గా కరుగుతుంది. గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో అయితే ఇంకా ఎక్కువ కరుగుతుంది. అనుమానం ఉంటే తేటలో కొంచెం తీసి పదిరెట్లు నీళ్లు కలపండి. తెల్లబడితే మీరు ఉప్పు ఎక్కువేశారు.

*ఊదారంగు చూసి కంగారుపడటం.* వెలుతురులో సిల్వర్ క్లోరైడ్ ఊదాగా, తర్వాత బూడిదగా మారుతుంది. అది కొద్దిగా వెండిగా మారడమే. మన పనికి నష్టం లేదు.

*ఆరబెట్టడం.* ఎండిన క్లోరైడ్ గట్టిగడ్డలవుతుంది, తర్వాతి దశలో లోపలిదాకా మారదు. తడిగానే ఉంచండి.

వేడి స్వేదనజలంతో నాలుగైదు సార్లు కలిపి, తేరనిచ్చి, వంపేయండి. నీలిరంగు పూర్తిగా పోవాలి, కడుగునీళ్ల పీహెచ్ మామూలు నీళ్లలా ఉండాలి. వేడినీళ్లే ఎందుకంటే, సీసం ఏమైనా ఉంటే దాని క్లోరైడ్ వేడినీళ్లలో కరిగి వెళ్లిపోతుంది.

దశ 5: క్లోరైడ్ నుంచి లోహం

8.6 గ్రాముల వెండి అంటే 11.4 గ్రాముల సిల్వర్ క్లోరైడ్. దీనికి 7 గ్రాముల సోడియం హైడ్రాక్సైడ్, 7 గ్రాముల గ్లూకోజ్ చాలు.

1. సోడియం హైడ్రాక్సైడ్‌ను 50 మిల్లీలీటర్ల చల్లటి నీళ్లలో కరిగించండి. వేడెక్కుతుంది, చల్లారనివ్వండి.
2. తడి క్లోరైడ్ మీద పోసి కలపండి. తెలుపు పోయి ముదురు గోధుమ, తర్వాత నలుపు వస్తుంది. అది సిల్వర్ ఆక్సైడ్.
3. గాజుకడ్డీతో ఉండల్ని చిదపండి. పైకి నల్లగా ఉన్న ఉండను చిదిపితే లోపల తెల్లగా కనిపిస్తుంది, ఈ దశలో వెండి దాక్కునేది అక్కడే. తెలుపు ఎక్కడా లేకుండా పోయేదాకా, పది నిమిషాలైనా సరే, చిదుపుతూ ఉండండి.
4. 50-60 డిగ్రీలకు తెచ్చి గ్లూకోజ్ ద్రావణాన్ని చెంచాడు చొప్పున వేయండి. నురగ వస్తుంది, వేడి పుడుతుంది, అందుకే పెద్ద బీకర్ కావాలి. నలుపు విరిగి తడి సిమెంటు రంగు వస్తుంది. పైన ద్రవం గోధుమరంగుకు తిరిగితే గాభరా వద్దు, అది క్షారంలో గ్లూకోజ్ మాడిన రంగు.
5. అరగంట కలిపి, తేరనిచ్చి, వంపి, స్వేదనజలంతో కడుగుతూ పోండి. కడుగునీళ్లలో ఒక చుక్క సిల్వర్ నైట్రేట్ వేస్తే తెల్లబడకూడదు. అప్పటిదాకా కడగాల్సిందే.

అసలు పరీక్ష ఇది: కడిగిన పొడిలో చిటికెడు తీసి, సజల నైట్రిక్ ఆమ్లంలో వేసి వేడిచేయండి. పూర్తిగా కరిగి నీళ్లలా తేటపడితే మీ చేతిలో ఉన్నది వెండి. అడుగున తెల్లటిది మిగిలితే క్లోరైడ్ ఇంకా ఉంది, మళ్లీ క్షారం, గ్లూకోజ్.

కుళాయి నీళ్ల సంగతి ఇప్పుడు చెబుతాను. వాటిలో క్లోరైడ్ ఉంటుంది. వాటితో కడిగితే ఎన్నిసార్లు కడిగినా ప్రతి పరీక్షలోనూ తెల్లదనమే కనిపిస్తుంది. ఒకసారి రెండు రోజులు అలా కడుగుతూనే ఉన్నాను, లోపం పొడిలో ఉందనుకుని. లోపం బాటిల్‌లో ఉంది, ఎవరో స్వేదనజలం బాటిల్‌ను కుళాయి దగ్గర నింపారు.

ప్రత్యామ్నాయం: క్లోరైడ్‌ను సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం కింద ఉంచి జింకు ముక్కలు వేసినా వెండి వస్తుంది. హైడ్రోజన్ వెలువడుతుంది కనుక దగ్గర్లో మంట ఉండకూడదు, మిగిలిన జింకును ఇంకొంచెం ఆమ్లంతో పూర్తిగా కరిగించాలి. అల్యూమినియం రేకుతోనూ జరుగుతుంది కానీ వేడి అదుపులో ఉండదు, నేను చెప్పను. సిల్వర్ క్లోరైడ్‌ను అమ్మోనియాలో కరిగించి శుద్ధిచేసే పద్ధతి కొన్నిచోట్ల కనిపిస్తుంది. దశ 1లో చెప్పిన కారణంతోనే దాని జోలికి వెళ్లకండి.

దశ 6: ఆరబెట్టి తూచడం

105 డిగ్రీల దగ్గర రెండుసార్లు తూచినా బరువు మారనంత వరకు ఆరబెట్టండి. మన ఉదాహరణలో 7.9 గ్రాములు వస్తే 92 శాతం, బాగానే చేసినట్టు. 80 కిందకు పడితే ముందు 'అ' డబ్బా తేటను మళ్లీ లేజర్‌తో చూడండి, ఎక్కువసార్లు దొంగ అక్కడే దొరుకుతుంది. నూరు దాటితే సంతోషించకండి. తడి ఉందో, క్లోరైడ్ ఉందో, పీవీపీ మసి ఉందో చూసుకోండి. అవేవీ కాకపోతే పుస్తకంలో లెక్క తప్పు.

ముద్దగా కావాలంటే మూసలో కొద్దిగా వెలిగారం (బోరాక్స్) వేసి 962 డిగ్రీల పైన కరిగించాలి. అచ్చు తడిగా ఉంటే కరిగిన లోహం చిమ్ముతుంది, ముందే వేడిచేసి పెట్టుకోండి.

"ఈ వెండితో మళ్లీ సిల్వర్ నైట్రేట్ చేసి నానోవైర్లకే వాడొచ్చా?" అని అడుగుతారు. నా సలహా, నేరుగా వద్దు. పాలియాల్ పద్ధతిలో (అంటే వేడి ఇథిలీన్ గ్లైకాల్‌లో చేసేటప్పుడు) వైర్లు పెరుగుతాయా, ఉండలు పడతాయా అన్నది క్లోరైడ్, ఇనుము లాంటివి అతి కొద్దిగా మారినా మారిపోతుంది. ఒక చిన్న బ్యాచ్ చేసి, పాత సీసాతో చేసినదాని పక్కన పెట్టి చూశాకే. లేదా శుద్ధిచేసేవాళ్లకు ఇచ్చి లెక్క కట్టించుకోవడం సుఖం.

బంగారానికి వచ్చేసరికి

*సిట్రేట్ ద్రావణం.* కెంపురంగులో ఉండే ఈ నీళ్లలో బంగారం చాలా పలుచగా ఉంటుంది. 0.25 మిల్లీమోలార్ ద్రావణం లీటరులో 50 మిల్లీగ్రాములే. లీటరు లీటరుకీ మొత్తం ప్రక్రియ నడిపితే శ్రమ దండగ. లీటరుకు 10-15 గ్రాముల ఉప్పు వేసి కలపండి. క్షణాల్లో కెంపు నీలమవుతుంది, నీలం బూడిదవుతుంది, ఒకటి రెండు రోజుల్లో నల్లటి మడ్డి దిగుతుంది. తేట వంపేసి ఆ మడ్డిని మాత్రం ఒక చిన్న సీసాలో పోగుచేస్తూ పోండి. 20 లీటర్లు అయితే ఒక గ్రాము.

*సీటాబ్ నానోరాడ్లు.* ఉప్పుకు లొంగవు, తొడుగు గట్టిది. పైగా రాడ్లు పెరిగాక కూడా బంగారంలో పెద్ద భాగం అయాన్లుగా ద్రావణంలోనే ఉండిపోతుంది, కాబట్టి సెంట్రిఫ్యూజ్ పైనీళ్లను పారబోస్తే రాడ్లకన్నా ఎక్కువ పారబోసినట్టు అవ్వొచ్చు. ఆ పైనీళ్లలో ఇంకాస్త ఆస్కార్బిక్ ఆమ్లం వేసి, సోడియం హైడ్రాక్సైడ్‌తో పీహెచ్ పెంచితే మిగిలిన బంగారం రేణువులుగా మారుతుంది, రంగు మారడం కంటికి కనిపిస్తుంది. తర్వాత సెంట్రిఫ్యూజ్ చేసి, అడుగుదాన్ని మామూలు స్వేదనజలంలో కలిపి మళ్లీ సెంట్రిఫ్యూజ్, ఇలా రెండుసార్లు. తొడుగు పలచబడ్డాక ఉప్పు పనిచేస్తుంది. గది చల్లగా ఉంటే సీటాబ్ తెల్లటి సూదుల్లా గడ్డకట్టి బంగారాన్ని లోపల పట్టేసుకుంటుంది. 30 డిగ్రీల దగ్గర పనిచేయండి. బంగారం తీశాక మిగిలే సీటాబ్ నీళ్లు చేపలకు విషం, సింకులో పోయొద్దు.

*ద్రవరాజం.* పైన పోగైన నల్లమడ్డిని బాగా కడిగి, సేంద్రియాలు లేవని నమ్మకం కుదిరాక, హుడ్‌లో ఒక పాలు నైట్రిక్, మూడు పాళ్లు హైడ్రోక్లోరిక్ ఆమ్లాలతో కరిగించండి. కావలసినంతే చేయండి, అదనంగా పోసిన ప్రతి చుక్క నైట్రిక్ తర్వాత మీకే అడ్డం. కరిగాక:

1. మరగనివ్వకుండా వేడిచేసి పరిమాణం తగ్గించండి, కొంచెం హైడ్రోక్లోరిక్ ఆమ్లం చేర్చండి. ఇలా రెండు మూడుసార్లు. పూర్తిగా ఎండనివ్వకూడదు.
2. చల్లారాక చిటికెడు చొప్పున సల్ఫామిక్ ఆమ్లం, బుసబుసలు ఆగేదాకా. యూరియా నైట్రిక్ ఆమ్లాన్ని చంపుతుందని చాలామంది నమ్ముతారు. అది ముఖ్యంగా నైట్రస్ ఆమ్లం మీదే పనిచేస్తుంది. కిలోల లెక్కన యూరియా వేసి వేడిచేయడం ప్రమాదం కూడా.
3. నాలుగైదు రెట్లు నీళ్లు కలిపి వడకట్టండి. కాగితం మీద తెల్లటిది మిగిలితే అది సిల్వర్ క్లోరైడ్, రాడ్లలో వాడిన వెండి. పైన దశ 5కి పంపండి.
4. పసుపు ద్రవంలో సోడియం మెటాబైసల్ఫైట్ కొద్దికొద్దిగా. ఒక గ్రాము బంగారానికి లెక్కప్రకారం 0.72 గ్రాములు, వాడుకలో ఒకటి నుంచి ఒకటిన్నర. సల్ఫర్ డయాక్సైడ్ ఘాటు వస్తుంది, హుడ్ అద్దం దించే ఉంచండి. పసుపు పోయి, ముక్కుపొడి రంగు పొడి అడుక్కి చేరుతుంది. చూడ్డానికి బంగారంలా ఉండదు. ఇది మట్టి అనుకుని పారబోసినవాళ్లున్నారు.
5. రాత్రంతా ఉంచి, పరీక్షించి, వేడినీళ్లతో, సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో, మళ్లీ నీళ్లతో కడిగి ఆరబెట్టి తూచండి. కరిగించాలంటే 1064 డిగ్రీలు దాటాలి.

పరీక్ష: తెల్ల వడపోత కాగితం మీద తేట ఒక చుక్క, దాని పక్కన తాకేట్టు స్టానస్ క్లోరైడ్ ఒక చుక్క. రెండూ కలిసిన అంచున ఊదా లేదా ముదురు గోధుమ వస్తే బంగారం ఇంకా ఉంది. రాకపోతే వెంటనే నమ్మకండి. స్టానస్ క్లోరైడ్ గాలి తగిలి పాడవుతుంది, అలాంటప్పుడు ఎంత బంగారం ఉన్నా రంగు రాదు. ద్రవంలో నైట్రిక్ ఆమ్లం మిగిలి ఉన్నా అంతే. అందుకే బంగారం ఉందని కచ్చితంగా తెలిసిన ద్రావణంతో అదే కాగితం మీద ముందు సరిచూసుకోండి.

ప్లాటినం, పల్లాడియం?

వీటిని మీరు చేయొద్దనే చెబుతాను. ప్లాటినం క్లోరో లవణాలు ఒంటికి పడక ఉబ్బసంలాంటి అలర్జీ తెచ్చిపెడతాయి, ఒకసారి పట్టుకుంటే వదలదు. కార్బన్ మీద ఉన్న ప్లాటినం, పల్లాడియం ఎండిపోయి ఆల్కహాల్ ఆవిరి తగిలితే వాటంతట అవే అంటుకుంటాయి. నీళ్లలో తడిగా ఉంచి, పేరు రాసి, శుద్ధిచేసేవాళ్లకు పంపండి.

మిగిలిన నీళ్లు, కాగితాలు

లోహం తీసేశాం కదా అని వాటిని సింకులో పోయకూడదు. వెండి నీటి జీవులకు అతి కొద్దిగా ఉన్నా హానే, ఇంకా రాగి, నైట్రేట్, ఆమ్లం ఉంటాయి. ఆమ్ల జలాల్ని, క్షార జలాల్ని తటస్థం చేసి, పీహెచ్ 6-9 మధ్యకు తెచ్చి, మీ సంస్థలో రసాయన వ్యర్థాలు తీసుకునేవాళ్లకు ఇవ్వండి. అసిటోన్ తేట విడి డబ్బాలో మండే ద్రవాల కింద వెళ్తుంది.

వడపోత కాగితాలు, తుడిచిన టిష్యూలు, లోపల వెండిపొర మెరిసే సెంట్రిఫ్యూజ్ ట్యూబులు మాత్రం పారేయొద్దు. ట్యూబుల్ని కాస్త సజల నైట్రిక్ ఆమ్లంతో కడిగితే ఆ నీళ్లు 'ఇ' డబ్బాలోకి పోతాయి, ముందు అసిటోన్ వాసన పోయేలా నీళ్లతో కడిగి ఉంటేనే. కాగితాల్ని నైట్రేట్ పోయేదాకా కడిగి, ఆరబెట్టి, ఒక డబ్బాలో వేసుకుంటూ ఉండండి. వాటిలో క్లోరైడ్ పట్టినవి, పట్టనివి వేరువేరుగా. పట్టనివాటిని ఏడాదికోసారి ఫర్నేస్‌లో బూడిద చేసి దశ 3 నుంచి మొదలుపెట్టవచ్చు. క్లోరైడ్ పట్టినవి దశ 5లో క్షారంతోపాటే బీకర్‌లో వేసేయండి. కాగితం ముక్కలు పీచుపీచుగా తేలతాయి, చివర్లో ఏరి తీసేయవచ్చు.